ప్రమాదానికి కూడా ఒక చోటు, ఒక వేళ ఉంటాయి

(రోడ్డు భద్రతా మాసం సందర్భంగా హైటెక్ సిటీ ప్రాంతపు ఐ.టి. ఉద్యోగులకు, వారి కుటుంబ సభ్యులకు మన ఆసుపత్రి అత్యవసర విభాగపు వైద్యులు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

నేను ఉపన్యాసకుణ్ణి కాను. క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీలు చేసే డాక్టరును. అక్కడ చూసినదే మీకు చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి పదకొండు దాటిన తరువాత ఒక ఆటో డ్రైవరు ఒక యువకుణ్ణి మా దగ్గరకు తీసుకువచ్చాడు. ఆ అబ్బాయి ఆఫీసు నుండి ఇంటికి వెళ్తూ ఒక మలుపు దగ్గర మోటారు సైకిలు మీద నుండి జారిపడ్డాడు. అక్కడి నుండి ఇల్లు ఒక కిలోమీటరు కూడా ఉండదు. తలకు బలమైన గాయం. మేము చేయగలిగినదంతా చేశాం. తెల్లవారేలోగా ప్రాణం పోయింది. ఆటో డ్రైవరు అతనితో పాటు, బండికి తగిలించి ఉన్న హెల్మెట్ కూడా తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాని మీద ఒక్క గీత కూడా లేదు. ఉదయం వచ్చిన తల్లిగారికి ఆ హెల్మెట్ అప్పగించేటప్పుడు మా సిస్టరమ్మ చేతులు వణికాయి. ఆ తల్లి ఒక్క మాట అన్నారు: "వాడి తలరాత ఇంతేనేమో డాక్టరు గారూ."

ఆ మాటకు ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. కన్నతల్లి దుఃఖంలో ఉన్నప్పుడు వాదించకూడదు. కానీ ఆ జవాబు చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

జ్వరానికి కారణం దొరికినట్లే

మన జంట నగరాలలోనే జరిగిన ఒక సంగతి గుర్తు చేస్తాను. చాలాకాలం పాటు మలేరియా జ్వరం చెడుగాలి వల్ల వస్తుందని లోకం నమ్మింది. మలేరియా అనే మాటకు ఇటాలియన్ భాషలో అర్థం కూడా చెడుగాలి అనే. సికింద్రాబాదులో పనిచేస్తున్న రొనాల్డ్ రాస్ అనే వైద్యుడు బేగంపేటలో దోమలను కోసి సూక్ష్మదర్శినిలో ఓపికగా పరిశీలించి, 1897 ఆగస్టు 20వ తేదీన అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నారు. దోమ సంగతి తెలిసిన తరువాత ఏం చేయాలో తెలిసింది. నిలవ నీరు తీసివేయాలి, దోమతెర కట్టుకోవాలి. గాలిని తిట్టుకుంటూ కూర్చోనక్కరలేదు.

రోడ్డు ప్రమాదం కూడా ఒక వ్యాధి వంటిదే. దానికి కారణాలు ఉన్నాయి, అలవాట్లు ఉన్నాయి. ఎక్కడ వస్తుందో, ఏ వేళ వస్తుందో, ఎవరిని పట్టుకుంటుందో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. లెక్క తెలిస్తే మందు తెలుస్తుంది. తలరాత అని ఊరుకుంటే ఆ లెక్క ఎవరూ వేయరు. నేను చెప్పదలచుకున్న ముఖ్య విషయం ఇదే.

లెక్కలు ఏమంటున్నాయి?

కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది మరణించారు. అంటే గంటకు 19 మంది. మరణించిన వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనదారులు, 19 మందికి పైగా పాదచారులు. చనిపోయిన వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది 18 నుండి 45 ఏళ్ళ లోపు వారు. మన హైటెక్ సిటీలో ఉదయం మెట్రో దిగి నడిచే జనాన్ని ఒకసారి తలచుకోండి. అందరిదీ ఆ వయసే. ఇంటికి సంపాదించి పెట్టేవారు, చిన్న పిల్లల తల్లిదండ్రులు, ముసలివారికి ఆధారమైనవారు.

1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు ఈ చుట్టుపక్కల బండరాళ్ళు, పొదలే ఎక్కువ. 2003 నాటికి సైబరాబాద్ పోలీసు కమిషనరేటు పని మొదలుపెట్టింది. 2008లో గచ్చిబౌలి నుండి శంషాబాద్ వరకు ఔటర్ రింగ్ రోడ్డు మొదటి భాగం తెరిచారు. 2018లో మైండ్‌స్పేస్ ఫ్లైఓవర్, 2019లో మెట్రో రైలు, బయోడైవర్సిటీ ఫ్లైఓవర్, 2020లో దుర్గం చెరువు తీగల వంతెన, 2023లో కొత్తగూడ ఫ్లైఓవర్ వచ్చాయి. ఇవన్నీ మనకు ఎంతో మేలు చేశాయి. అయితే రోడ్డు మారినప్పుడల్లా ప్రమాదం కూడా తన తీరు మార్చుకుంటుంది. కూడలి దగ్గర ఆగే అవసరం తప్పిందంటే అక్కడ వేగం పెరిగిందన్నమాట. అందుకే పాత లెక్కతో కొత్త రోడ్డును నడపలేము.

రిజిస్టరు చెప్పిన సంగతి

ఆ అబ్బాయి పోయిన తరువాత నెల తిరగకుండానే అదే మలుపు పేరు మరొకసారి విన్నాను. ఈసారి భార్యాభర్తలు. దేవుని దయవల్ల ఇద్దరూ బ్రతికారు. నాకు ఏదో అనుమానం వచ్చింది. మెడికో లీగల్ కేసుల రిజిస్టర్లు మూడు సంవత్సరాలవి బయటకు తీసి, మా సిస్టరమ్మ చదువుతుంటే నేను ఒక పెద్ద పటం మీద ఎర్ర చుక్కలు పెట్టాను. చుక్కలు రోడ్డంతా సమానంగా పరుచుకోలేదు. కొన్ని చోట్ల గుంపులు గుంపులుగా చేరాయి. ఆ మలుపు దగ్గర ఒక గుంపు. అక్కడి కేసులన్నీ ఇంచుమించు రాత్రివే. అన్నీ ద్విచక్ర వాహనాలే. ఎక్కువ మంది, "ఎవరూ గుద్దలేదు సార్, బండి జారింది" అని చెప్పినవారే.

మరునాడు రాత్రి అదే వేళకు వెళ్ళి చూశాం. వీధిదీపం వెలగడం లేదు. పక్కన కడుతున్న భవనం కోసం వచ్చిన టిప్పర్ల నుండి జారిన ఇసుక మలుపంతా పరుచుకొని ఉంది. చీకట్లో వచ్చేవారికి అది కనిపించదు. పగలు కనిపిస్తుంది కాబట్టి పగలు ఎవరూ పడలేదు. ఇది తలరాతా, లేక ఇసుకా?

మేము ఆ పట్టిక, పటం సంబంధిత అధికారులకు అందజేశాం. కొన్ని వారాల తరువాత దీపం వెలిగింది, ఇసుక ఎత్తివేశారు, మలుపుకు ముందు హెచ్చరిక బోర్డు పెట్టారు. ఆ తరువాత కొన్నాళ్ళు ఆ చోటి పేరు మాకు వినబడలేదు. అయితే అప్పుడే గెలిచామని చెప్పను. ఒక చోట ఒక సంవత్సరం ప్రమాదాలు తగ్గడం కాకతాళీయం కూడా కావచ్చు. అందుకే కనీసం మూడేళ్ళు చూడాలి. జాతీయ రహదారులలో బ్లాక్ స్పాట్‌ను గుర్తించే పద్ధతి కూడా అదే. సుమారు 500 మీటర్ల లోపు, మూడు సంవత్సరాలలో మరణాలు గాని తీవ్ర గాయాలు గాని కలిగించిన ప్రమాదాలు 5 జరిగినా, లేక మొత్తం 10 మంది మరణించినా దానిని బ్లాక్ స్పాట్ అంటారు.

ఇప్పుడు ఈ పనికి మంచి సాధనం కూడా ఉంది. ఐ.ఐ.టి. మద్రాసు, ఎన్.ఐ.సి. కలిసి రూపొందించిన జాతీయ ప్రమాద సమాచార విధానం 2021 నుండి రాష్ట్రాలలో అమలులోకి వచ్చింది. పోలీసు అధికారి ప్రమాద స్థలం నుండే మొబైల్ ఫోనులో స్థలం, సమయం, ఫొటోలు నమోదు చేస్తారు. అయితే ఎంత మంచి యంత్రమైనా మనం చెప్పినదే లెక్క వేస్తుంది. జారిపడి, ఎవరికీ చెప్పకుండా కట్టు కట్టించుకొని వెళ్ళిపోయిన వారి చుక్క ఏ పటంలోనూ ఉండదు. ఆ చుక్క లేనందువల్ల అక్కడ దీపం వెలగదు. ఆ తరువాత వచ్చేవారు అక్కడే పడతారు.

ఏ వేళ ఎక్కువ?

మన దేశంలో ఎక్కువ ప్రమాదాలు సాయంకాలం 6 నుండి 9 గంటల మధ్య జరుగుతున్నాయి. దాదాపు ఐదింట ఒక వంతు ఆ మూడు గంటల్లోనే. వెలుగు తగ్గుతుంది, అందరూ అలసి ఉంటారు, నడిచేవారు రోడ్డు మీద ఎక్కువగా ఉంటారు.

అయితే ఎన్ని ప్రమాదాలు జరిగాయన్నది ఒక లెక్క. వాటిలో ఎంతమంది చనిపోయారన్నది మరొక లెక్క. ఉదయం తొమ్మిదిన్నరకు సైబర్ టవర్స్ దగ్గర బండ్లు ఎద్దుబండి వేగంతో కదులుతాయి. అప్పుడు తగిలితే బంపరుకు గీత పడుతుంది, మాటామాటా పెరుగుతుంది. అదే రోడ్డు అర్ధరాత్రి ఖాళీగా ఉంటుంది. అప్పుడు తగిలితే మా దగ్గరకు వస్తారు. కరోనా కాలంలో 2020లో ఇది దేశమంతటా కనిపించింది. రోడ్లు ఖాళీ అయ్యాయి, ప్రమాదాలు తగ్గాయి. కానీ ప్రతి నూరు ప్రమాదాలలో చనిపోయేవారి సంఖ్య 2019 కంటే పెరిగింది. కనుక ఖాళీ రోడ్డు క్షేమమైన రోడ్డు అనుకోవద్దు.

ఒక ఫ్లైఓవర్ నేర్పిన పాఠం

2019 నవంబరు 4న బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ ప్రారంభమైంది. వారం తిరగకముందే, దాని మీద నిలబడి ఉన్న ఇద్దరు యువకులను ఒక కారు ఢీకొనగా వారు కిందపడి మరణించారు. నవంబరు 23న మరొక కారు అదుపు తప్పి, గోడ దాటి కింద రోడ్డు మీద పడింది. ఫ్లైఓవర్ ఎక్కకుండా, రోడ్డు పక్కన నిలబడి ఉన్న ఒక స్త్రీ ప్రాణం కోల్పోయింది. అక్కడ వేగ పరిమితి గంటకు 40 కి.మీ. ఆ కారు వేగం 100 దాటిందని పోలీసులు చెప్పారు.

మీరు ఇంజనీర్లు. ఈ లెక్క మీకు నాకంటే బాగా తెలుసు. వేగం రెండింతలైతే దెబ్బలోని శక్తి నాలుగింతలు అవుతుంది. 40కి బదులు 100 మీద వెళితే ఆ శక్తి ఆరు రెట్లు దాటుతుంది. మనిషి ఎముకలు, మెదడు, కాలేయం ఆరు రెట్లు గట్టిపడవు కదా! నడిచే మనిషిని కారు 50 కి.మీ. వేగంతో కాక 65 కి.మీ. వేగంతో ఢీకొంటే మరణించే ముప్పు నాలుగున్నర రెట్లు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పదిహేను కిలోమీటర్ల తేడాకే అంత మార్పు.

ఆ ఫ్లైఓవర్‌ను మూసివేసి, నిపుణుల కమిటీ చేత పరిశీలింపజేసి, వేగాన్ని అదుపు చేసే ఏర్పాట్లు చేసి 2020 జనవరిలో తిరిగి తెరిచారు. ఇక్కడ రెండు విషయాలు గమనించండి. నడిపినవారి తప్పు ఉంది. అయినా తప్పు చేసినవారిని శిక్షించి అంతటితో ఆగిపోలేదు. మరొకరు అదే తప్పు చేసినా ప్రాణం పోకుండా రోడ్డును కూడా సవరించారు. మంచి వైద్యం అంటే అదే.

తొమ్మిది గదుల పలక

అమెరికాలో విలియమ్ హాడన్ అనే వైద్యుడు ఉండేవారు. 1966లో అక్కడి ప్రభుత్వం రహదారి భద్రత కోసం ఏర్పాటు చేసిన సంస్థకు ఆయన తొలి అధిపతి. ఆయన ప్రమాదాన్ని తొమ్మిది గదుల పలకగా గీసి చూపించారు. అడ్డంగా మూడు గదులు: మనిషి, బండి, రోడ్డు. నిలువుగా మూడు గదులు: ప్రమాదానికి ముందు, ఆ క్షణంలో, తరువాత.

ఆ రాత్రి చనిపోయిన అబ్బాయిని ఈ పలకలో పెట్టి చూద్దాం. ప్రమాదానికి ముందు, మనిషి: పగలంతా పని చేసి నిద్రకు ఆగలేని స్థితి. బండి: అరిగిన టైరు. రోడ్డు: ఇసుక, వెలగని దీపం. ఆ క్షణంలో: హెల్మెట్ తల మీద కాక బండికి వేలాడుతోంది. తరువాత: చుట్టూ చేరిన వారు పోలీసు కేసు భయంతో ముట్టుకోలేదు. ఆటో డ్రైవరు వచ్చేవరకు విలువైన సమయం గడిచిపోయింది. ఈ గదులలో ఏ ఒక్కటి మారినా ఆ తల్లి ఆ ఉదయం మా దగ్గరకు రావలసిన పని ఉండేది కాదేమో. తలరాత అనే మాటకు నా జవాబు ఇదే. రాసిన గదులు తొమ్మిది. వాటిలో చాలావరకు మన చేతిలో ఉన్నవే.

మరొక సంగతి మీకు తెలిసినదే. 2021 సెప్టెంబరు 10న సినీ నటుడు సాయి ధరమ్ తేజ్ గారు దుర్గం చెరువు తీగల వంతెన దాటిన తరువాత మోటారు సైకిలు జారి పడిపోయారు. రోడ్డు మీది ఇసుక గురించి చర్చ జరిగింది, వేగం విషయంలో ఆయన మీద కేసు కూడా నమోదైంది. అక్కడ ఇసుక ఉంది, ఇక్కడా ఇసుక ఉంది. కానీ ఆయన తల మీద హెల్మెట్ ఉంది. కొన్ని వారాలు ఆసుపత్రిలో ఉండి ఇంటికి తిరిగి వెళ్ళారు.

హెల్మెట్ వల్ల తలకు గాయమయ్యే ముప్పు సుమారు 69 శాతం, మరణించే ముప్పు సుమారు 42 శాతం తగ్గుతాయని అనేక పరిశోధనలను కలిపి చూసినవారు తేల్చారు. 2022లో మన దేశంలో హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు! నడిపే భర్తకు హెల్మెట్ ఉంటుంది, వెనుక కూర్చున్న భార్యకు, ఒడిలోని బిడ్డకు ఉండదు. రోడ్డుకు ముందు సీటు, వెనుక సీటు అనే తేడా తెలియదు.

మొదటి గంట

గాయమైన తరువాత మొదటి గంటను గోల్డెన్ అవర్ అంటాం. రక్తస్రావం ఆపడానికి, ఊపిరి నిలపడానికి ఆ గంట ఎంతో ముఖ్యం. మన హైదరాబాదులోనే 2005 ఆగస్టు 15న 108 సేవ మొదలైంది. ఆ నంబరు మనకు కంఠస్థమే. అయినా ఫోను చేయడానికి జంకుతాం. ఎందుకు? పోలీసులు, కోర్టు చుట్టూ తిప్పుతారని భయం.

ఆ భయం ఇక అక్కరలేదు. సహాయం చేసిన వ్యక్తిని వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లో ఆమోదించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134-ఎ సెక్షను వారికి రక్షణ ఇచ్చింది. మీ పేరు, ఫోను నంబరు చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు. ముందు కేసు, తరువాత వైద్యం అనే మాట కూడా చెల్లదని సుప్రీంకోర్టు 1989లోనే స్పష్టం చేసింది. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు నిర్దేశించిన ఆసుపత్రులలో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల వరకు నగదు చెల్లించకుండా చికిత్స పొందే వీలు ఉంది.

ప్రమాదం చూసినప్పుడు ఈ విధంగా చేయండి:

1. ముందు మీరు క్షేమంగా నిలబడండి. మీ బండి లైట్లు వెలిగించి వెనుక వచ్చేవారిని ఆపండి.
2. వెంటనే 108కి గాని 112కి గాని ఫోను చేసి, దగ్గరలోని మెట్రో స్తంభం సంఖ్య, కూడలి, భవనం పేరు చెప్పండి.
3. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి. మాటిమాటికీ తీసి చూడవద్దు.
4. మెడను వంచవద్దు, తిప్పవద్దు. లేపి కూర్చోబెట్టవద్దు. ఊపిరి అందుతూ ఉంటే హెల్మెట్ లాగివేయవద్దు.
5. మంచినీళ్ళు, సోడా, కాఫీ ఏవీ తాగించవద్దు.
6. తప్పనిసరిగా కదిలించవలసి వస్తే నలుగురు కలిసి తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా ఎత్తండి.

మనం చేయవలసినవి

మీరు ఆఫీసులో ఏ పొరపాటు జరిగినా, ఎక్కడ జరిగింది, ఎందుకు జరిగింది అని వెతికి పట్టిక రాస్తారు. ఆ అలవాటే రోడ్డు మీద కూడా పెట్టుకోమని నా మనవి.

మొదటిది, హెల్మెట్ పట్టీ బిగించండి. పట్టీ పెట్టని హెల్మెట్ మనకంటే ముందే ఎగిరిపోతుంది. వెనుక కూర్చున్నవారికి కూడా ఒకటి కొనండి. కారులో వెనుక సీటువారు కూడా బెల్టు పెట్టుకోండి.

రెండవది, రాత్రి షిఫ్టు ముగిసి కళ్ళు మూతలు పడుతుంటే బండి తీయకండి. మెట్రో గాని క్యాబ్ గాని పట్టుకోండి. క్యాబ్ డ్రైవరు అన్న నిద్ర ఆపుకుంటున్నట్లు కనిపిస్తే, "అన్నా, ఒక ఐదు నిమిషాలు ఆపి టీ తాగుదాం" అనండి. మొగమాటపడవద్దు. టీ తాగినా మత్తు వదలకపోతే మరొక బండి చూసుకోండి.

మూడవది, త్రాగినప్పుడు స్టీరింగ్ ముట్టుకోకండి. నేను కొంచెమే తీసుకున్నాను అనే మాట మా క్యాజువాలిటీ గోడలు చాలాసార్లు విన్నాయి.

నాలుగవది, యూ టర్న్ దూరమని రాంగ్ రూట్‌లో రాకండి. ఎదుటివారు ఆ వైపు నుండి బండి వస్తుందని ఎదురుచూడరు.

ఐదవది, పది నిమిషాలలో రావాలని డెలివరీ అబ్బాయిని తొందరపెట్టకండి. అన్నం చల్లారితే వేడి చేసుకోవచ్చు.

ఆరవది, జారిపడినా, తృటిలో తప్పినా ఆ చోటు, ఆ వేళ రాసిపెట్టండి. మీ కంపెనీలో ఒక నోటుపుస్తకం ఉంచి, నెలకొకసారి ట్రాఫిక్ పోలీసు స్టేషనుకు అందజేయండి. ఆసుపత్రికి వస్తే నిజం చెప్పండి. హెల్మెట్ ఉందా, త్రాగారా, ఎక్కడ పడ్డారు అని మేము అడిగేది మిమ్మల్ని నిందించడానికి కాదు. మీకు సరైన వైద్యం చేయడానికి, మీ తరువాత వచ్చేవారిని అక్కడ పడకుండా ఆపడానికి.

చివరిగా ఒక్క మాట. మా రిజిస్టరులో ప్రమాద స్థలం అని ఒక గడి ఉంటుంది. చాలాకాలం మేము అందులో "రోడ్డు మీద" అని మాత్రమే రాసేవాళ్ళం. ఇప్పుడు మా సిస్టరమ్మ అలా రాయనివ్వరు. ఏ కూడలి, ఏ స్తంభం, ఏ వైపు అని అడిగి రాయిస్తారు. ఆ తల్లిగారి చేతికి హెల్మెట్ ఇచ్చిన చేతులే ఆ గడిని నింపుతున్నాయి. రేపు మీరు ఇంటికి వెళ్ళే దారిలో ఏ చోట భయం వేస్తుందో మీకూ తెలుసు. ఆ చోటి పేరు ఎవరో ఒకరు పడకముందే మాకు చెప్పండి.

బయలుదేరే ముందు పట్టీ బిగించుకోండి. క్షేమంగా ఇంటికి చేరండి.